పది మంది క్వయిర్‌కు కీర్తనను అమర్చుకోవడం ఎలా

"మా క్వయిర్‌లో తొమ్మిది మందే ఉన్నాం. నాలుగు గొంతుల్లో పాడాలంటే ఎలా?" ఒడిశా సరిహద్దు వైపున్న గుణుపూర్ నుంచి, రాయగడ నుంచి, పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల నుంచి చర్చి క్వయిర్ (గాయక బృందం) వాళ్లు ఇదే ప్రశ్న నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను: నాలుగు గొంతుల్లో పాడొద్దు. తొమ్మిది మందిని నాలుగుగా పంచితే ఒక్కో గొంతుకు ఇద్దరు వస్తారు. వాళ్లలో ఒకరు పనికని విశాఖ వెళ్లిపోతారు, ఇంకొకరికి జలుబు చేస్తుంది. ఇది నాకు అనుభవమే. ఒక క్రిస్మస్‌కు రెండు నెలలు కష్టపడి నాలుగు గొంతుల పాట తయారు చేశాను. సరిగ్గా ఆ వారమే టెనార్ (మగవాళ్ల పై గొంతు) పాడే ఇద్దరు కుర్రాళ్లకూ సెలవు దొరకలేదు. పాట కోడు విరిగిన మంచంలా ఒక పక్కకు ఒరిగిపోయింది. తప్పు వాళ్లది కాదు, ఇద్దరి మీద అంత బరువు పెట్టిన నాది.

చిన్న క్వయిర్‌కు కూర్పు అంటే ఎవరు ఎప్పుడు పాడాలి, ఎవరు ఎప్పుడు ఊరుకోవాలి అన్నది తేల్చుకోవడం. రెండో గొంతు (అసలు బాణీ వరుసతో పాటే కొందరు పాడే వేరే వరుస) ఆ తర్వాతి సంగతి.

కావలసినవి

హార్మోనియం గానీ కీబోర్డు గానీ ఒకటి. రికార్డింగ్ ఉన్న ఫోన్. పెన్సిల్, రబ్బరు (పెన్ను వద్దు, ఎలాగూ మారుస్తారు). పాటలోని మాటలు వరుసకు వరుసకు మధ్య ఖాళీ వదిలి రాసిన కాగితం, మనిషికొకటి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ముప్పావు గంట. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) రానక్కర్లేదు. స రి గ మ ప ద ని ఎక్కడున్నాయో చెవికి తెలిస్తే సరిపోతుంది.

1. వచ్చేవాళ్లను లెక్కపెట్టండి

పేర్ల పట్టీలో ఉన్నవాళ్లను కాదు, గత నాలుగు ఆదివారాల్లో కనీసం మూడుసార్లు వచ్చినవాళ్లను. ఊడ్పుల రోజుల్లో ఈ లెక్క ఇంకా తగ్గుతుంది. పేరు పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: ఒంటరిగా పాట నిలబెట్టగలరు, పక్కన తోడుంటే పాడతారు, ఎవరు గట్టిగా పాడితే వాళ్ల వైపు జారిపోతారు. మూడో రకం వాళ్లను ఎప్పుడూ అసలు వరుసలోనే ఉంచండి. రెండో గొంతు ఇచ్చారంటే వాళ్లకూ టెన్షన్, మీకూ టెన్షన్.

2. పాటను ఎంచుకోండి

మొదటిసారి చేస్తున్నట్లయితే సంఘానికి (చర్చికి వచ్చే అందరికీ) కంఠతా వచ్చిన పాటనే తీసుకోండి. కొత్త పాట, కొత్త కూర్పు రెండూ ఒకేసారి మొదలుపెడితే రెండూ పండవు.

పాత కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చాలామంది అది చూడకుండానే పేజీ తిప్పేస్తారు. ఐదో మెట్టులో ఏం చేయాలో తేల్చేది ఆ ఒక్క వరుసే, కాబట్టి కాగితం పైన రాసుకోండి. ఇంగ్లీషు బాణీలకు తెలుగించిన పాటలకైతే 8.6.8.6 లాంటి అంకెలుంటాయి, ఒక్కో పాదంలో ఎన్ని అక్షరాలో చెప్పేవి. బాణీ మరీ కష్టంగా ఉంటే అవే అంకెలున్న ఇంకో బాణీలో పాడుకోవచ్చు. అయితే ఒక్క చరణం పాడి చూశాకే ఖాయం చేయండి. అంకెలు కలిసినా, సాగదీసే చోట పొట్టి అక్షరం పడితే మాట వికారంగా వినిపిస్తుంది.

3. శ్రుతి కుదర్చండి

నేను విన్న క్వయిర్‌లలో సగానికి సగం కష్టాలు శ్రుతి తప్పుగా పెట్టుకోవడం వల్ల వచ్చినవే. పుస్తకంలో ఉందనో, యూట్యూబ్‌లో అలాగే ఉందనో అదే శ్రుతిలో పాడతారు. అక్కడ పాడినవాళ్ల గొంతు వేరు, పొద్దున ఎనిమిదింటికి ఆరాధనకు వచ్చిన మన పెద్దమ్మల గొంతు వేరు.

ఇలా చేయండి. పాటలో అన్నిటికంటే కింది స్వరం ఏది, పై స్వరం ఏది అన్నది హార్మోనియం మీద వెతికి పట్టుకోండి. ఆడవాళ్లకు కీబోర్డు మధ్యలోని సి నుంచి పై డి దాకా అయితే హాయి. మగవాళ్లు అదే పాటను ఒక స్థాయి కింద పాడతారు కాబట్టి వాళ్లకూ సరిపోతుంది. పాట ఆ మధ్యలో పడేలా స ను జరపండి.

పాట స దగ్గర మొదలై పై స దాకానే వెళ్తే ఒకటో శ్రుతి (సి) లేదా రెండో శ్రుతి (డి) పెట్టండి. పాట కింది ప దాకా దిగి, పైకి ప దాకా మాత్రమే ఎక్కితే నాలుగో శ్రుతి (ఎఫ్) లేదా ఐదో శ్రుతి (జి) పెట్టండి. ఈ రెండు కొలతలతో చాలా పాటలు దారికొస్తాయి. కింది ప నుంచి పై స దాటి వెళ్లే పాటలూ కొన్ని ఉంటాయి. వాటికి అందరికీ నప్పే శ్రుతి దొరకదు. పల్లవి అందరికీ కుదిరే చోట పెట్టి, పైకెక్కే చరణాన్ని ఎక్కగలిగే ఇద్దరు ముగ్గురికే వదిలేయండి.

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ (స్వరాలన్నిటినీ ఒకేసారి పైకో కిందికో జరిపేది) ఉంటే పని తేలిక. ఈ-ఫ్లాట్‌లో ఉన్న పాటను సి కి దించాలంటే మైనస్ 3. జాగ్రత్త: పాట అయ్యాక దాన్ని సున్నాకు తేవడం మరిచిపోతే తర్వాతి పాట మొత్తం మూడు అర మెట్లు కిందికి పోతుంది. ఇది ప్రతి సంఘంలో ఏడాదికోసారైనా జరుగుతుంది. హార్మోనియం వాయించేవారికి నల్ల మెట్ల మీద చేయి తిరగకపోతే ఒకటిన్నర, రెండున్నర శ్రుతుల జోలికి పోకండి. వాళ్లు తడబడితే మీరందరూ తడబడతారు.

సరిచూసుకోవడం: వాయిద్యం లేకుండా ఒక చరణం మొత్తం పాడి, ఆఖరి స్వరాన్ని పట్టుకునే ఉండి హార్మోనియం మీద స నొక్కండి. కలిస్తే బాగున్నట్టే. కిందికి జారి ఉంటే, విచిత్రంగా అనిపించినా, పాటను ఒక అర మెట్టు పైకి జరిపి మళ్లీ పాడండి. మరీ కింద పాడుతున్నప్పుడు ఊపిరి బద్ధకిస్తుంది. అర మెట్టు ఎక్కిస్తే చాలాసార్లు జారడం ఆగిపోతుంది.

4. ఎవరు ఎప్పుడు పాడాలో రాయండి

ఇది ఒక్కటి చేసినా సంఘానికి తేడా తెలుస్తుంది. నాలుగు చరణాల పాట అనుకోండి. మొదటి పల్లవి అందరూ. మొదటి చరణం ఆడవాళ్లు. రెండో చరణం మగవాళ్లు, వాయిద్యం బాగా తగ్గించి. మూడో చరణంలో మొదటి పాదం ఒక్కరు ఎత్తుకుంటే రెండో పాదం అందరూ అందుకోవాలి. నాలుగో చరణంలో సంఘాన్ని కూడా కలుపుకోండి.

చరణం తర్వాత చరణం అందరూ ఒకే గొంతుతో, ఒకే జోరుతో పాడటమే మనలో ఎక్కువగా కనిపించే పొరపాటు. చివరి చరణానికి ఇంకేం మిగలదు. ఏదో ఒక చోట వాయిద్యాలన్నీ ఆపి, వట్టి గొంతులతో రెండు పాదాలు పాడి చూడండి. ప్రభు భోజనం ఆదివారం పాటకైతే ఇది చాలా బాగుంటుంది. కోత పండుగ పాటకు డోలక్ ఆపితే మాత్రం పిల్లలు ఊరుకోరు, ఆపకండి.

ఒకరి వెనక ఒకరు అదే వరుస ఎత్తుకునే పద్ధతి కూడా ఉంది. అందరికీ సరదాగానే ఉంటుంది గానీ అన్ని పాటలకూ కుదరదు. ఇద్దరిని ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) తేడాతో పాడించి చూడండి. చెవికి గీసుకున్నట్టు అనిపిస్తే వదిలేయండి, బతిమాలొద్దు.

5. రెండో గొంతు

పాట మొత్తానికీ రెండో గొంతు అక్కర్లేదు. పల్లవిలో ఆఖరి పాదానికి, చివరి చరణానికి చాలు.

శంకరాభరణం లాంటి రాగమో, ఇంగ్లీషు మేజర్ బాణీయో అయితే సూత్రం సులువు. అసలు వరుసలో ఏ స్వరం ఉందో, దాని కింద ఒక స్వరం వదిలి తర్వాతిది పట్టుకోవాలి. గ కు స, మ కు రి, ప కు గ, ద కు మ, రి కి కింది ని. వరుస ఎక్కితే రెండో గొంతూ ఎక్కుతుంది, దిగితే అదీ దిగుతుంది. అక్కాచెల్లెళ్లు కలిసి నడిచినట్టుంటుంది.

రెండు చోట్ల మాత్రం ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఒకటి, ముగింపు. పాట స మీద ఆగినప్పుడు లెక్క ప్రకారం రెండో గొంతు కింది ద మీద ఉండాలి. అలా ఆపితే ఈస్టర్ పాట కూడా ఏడుపు పాటలా ముగుస్తుంది. అక్కడ కింది ప కు గానీ పై గ కు గానీ వెళ్లండి. గొంతులు బలంగా లేకపోతే అందరూ స మీదే కలిసిపోండి, అదీ అందంగానే ఉంటుంది. రెండు, ప మీద ఎక్కువసేపు నిలిచే చోట. కీబోర్డు అక్కడ ప-ని-రి కార్డ్ (మూడు స్వరాలూ ఒకేసారి నొక్కడం) పట్టుకుంటే రెండో గొంతు గ మీద ఉంటే రాపిడి వస్తుంది, రి కి దిగాలి. ఎడమ చేత్తో కార్డ్ నొక్కి, కుడి చేత్తో రెండో గొంతు వాయించి చూస్తే నిమిషంలో తెలుస్తుంది.

మోహన రాగంలో మ, ని లేవు. కాబట్టి రెండో గొంతులోనూ అవి రాకూడదు, వచ్చాయంటే రాగం రంగు మారిపోతుంది. ఉన్న ఐదు స్వరాల్లోనే ఒకటి వదిలి తర్వాతిది తీసుకోండి: గ కు స, ప కు రి, ద కు గ, పై స కు ప. ప దగ్గర రి బాగాలేదనిపిస్తే గ పెట్టుకోవచ్చు. ఐదు స్వరాల పాటలతో ఈ సుఖం ఉంది, ఎటు వెళ్లినా పెద్దగా గొడవపడవు. మొదటి ప్రయోగానికి ఇలాంటి పాటే మంచిది.

మాయామాళవగౌళ, తోడి లాంటి రాగాల్లో రి చిన్నది, అంటే స కు మరీ దగ్గరగా ఉంటుంది. అక్కడ పై సూత్రం పనిచేయదు. కీబోర్డు కుర్రాళ్లు వీటికి కూడా మేజర్ కార్డులు వేస్తారు. పాట ఒక దారిన, కార్డు ఒక దారిన పోతాయి. ఇలాంటి కీర్తనలను అందరూ ఒకే గొంతుతో పాడి, కింద ఆధార స్వరం (పాటంతా ఆగకుండా మోగే స) మాత్రం పట్టండి. గుడ్ ఫ్రైడే పాటలకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదని నా అభిప్రాయం.

నేర్పించే పద్ధతి కూడా ముఖ్యం. రెండో గొంతు వాళ్లను పక్క గదిలోకి తీసుకెళ్లి, అసలు వరుస వినిపించకుండా, దాన్నే ఒక పాటలా కంఠస్థం చేయించండి. ఆ తర్వాత ఒక్క గొంతుతో కలపండి, ఆపైన అందరితో. మొదటిరోజే అందరినీ కలిపి కూర్చోబెడితే పది నిమిషాల్లో అంతా అసలు వరుసలోకే వచ్చేస్తారు.

సరిచూసుకోవడం: రెండో గొంతు వాళ్లు చెవులు మూసుకోకుండా పాడగలగాలి. చెయ్యి చెవి మీదకు వెళ్తోందంటే ఇంకా నేర్చుకోలేదని అర్థం. అలాగే అసలు వరుసకు కనీసం రెట్టింపు మంది ఉండాలి. తొమ్మిది మందిలో ముగ్గురికి మించి రెండో గొంతుకు ఇవ్వొద్దు.

6. మగవాళ్లకు ఆధార స్వరం

ముగ్గురు మగవాళ్లే ఉన్నారనుకోండి. వాళ్ల చేత బేస్ (అన్నిటికంటే కింది గొంతు) పాడించాలని తంటాలు పడకుండా, నోరు మూసి మ్‌ అంటూ స పట్టించండి. ఒకరు ప పట్టుకున్నా సరే. తంబురా చేసే పనే ఇది. ముగ్గురూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే నేల జారినట్టుంటుంది కాబట్టి వంతులవారీగా తీసుకోమనండి. గొంతు మారుతున్న వయసు అబ్బాయిలకు కూడా ఇది మంచి పని. వాళ్లను పాడొద్దని పక్కన కూర్చోబెడితే మళ్లీ రారు.

7. వాయిద్యాలు

తగ్గించండి. ఇంతకంటే చెప్పేది పెద్దగా లేదు. ఒక్క హెచ్చరిక: మిశ్ర చాపు తాళానికి 7 దెబ్బలు, ఖండ చాపు తాళానికి 5. మామూలు కీబోర్డుల్లో ఎక్కువగా ఉండేవి 4, 3 దెబ్బల నడకలే. చాపు పాటకు రిథమ్ బటన్ నొక్కితే రెండో ఆవర్తానికే పాట కుంటుతుంది. ఆ పాటకు డోలక్ ఒక్కటే చాలు. డోలక్ లేకపోతే చప్పట్లు.

8. మాటలు ఏ లిపిలో రాస్తున్నారు?

ఇది మన సరిహద్దు సంఘాలకు ప్రత్యేకమైన తలనొప్పి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. క్వయిర్‌లో సగం మంది పిల్లలు తెలుగు పాటను ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడతారు. అందులో తప్పేమీ లేదు, కానీ మూడు చోట్ల జారతారు.

ఒడియా అక్షరంలో ఉండే అ ను నోరు గుండ్రంగా చేసి పలుకుతారు. అందుకని ప్రభువా కాస్తా ప్రొభువా అవుతుంది, మన అన్నది మొనొ అవుతుంది. ఒడియాలో ఎ, ఏ కు ఒకే అక్షరం, ఒ, ఓ కు కూడా ఒకటే. దేవా అన్న మాట దెవా అయిపోతుంది. ఇ, ఈ, ఉ, ఊ లకు వేర్వేరు అక్షరాలున్నా పలకడంలో తేడా చూపరు. పాటలో పొడుగు అక్షరాల మీదే తాళం నిలబడుతుంది కాబట్టి ఇది ఉచ్చారణ తప్పుగా మాత్రమే మిగలదు, నడకనూ దెబ్బతీస్తుంది.

పరిష్కారం చిన్నది. దీర్ఘం ఉన్న ప్రతి అక్షరం కింద పెన్సిల్‌తో గీత గీయండి, నోరు తెరిచి పలకాల్సిన అ మీద చుక్క పెట్టండి. ఒకసారి పాడకుండా తాళం వేస్తూ మాటలు చదివించండి. రెండు వారాల్లో అలవాటైపోతుంది.

రెండు భాషల్లో పాడాలనుకుంటే తెలుగు చరణం, ఒడియా చరణం మార్చి మార్చి పెట్టండి. ఒకే చరణంలో కలపొద్దు. ఒడియా మాటల చివర అచ్చు పూర్తిగా పలుకుతుంది కాబట్టి మన బాణీల మీద హిందీ కంటే ఒడియా తేలిగ్గా కూర్చుంటుంది. పల్లవి మాత్రం ఒక భాషలోనే ఉంచండి, సంఘం అందుకోవాలి కదా. గుణుపూర్, గజపతి వైపు సవర భాష మాట్లాడే కుటుంబాలు, రాయగడ వైపు కువి మాట్లాడే కుటుంబాలు ఉంటే, వాళ్ల భాషలో ఒక చరణం వాళ్లచేతే పాడించండి. తెలియని భాషలో మీరు పాడి ఉచ్చారణ పాడుచేయడం కంటే అది మర్యాద.

9. ప్రాక్టీస్, ఆఖరి పరీక్ష

నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం శ్రుతి, ఎవరు ఎప్పుడు పాడాలో. రెండో వారం రెండో గొంతు విడిగా. మూడో వారం కలపడం. నాలుగో వారం కొత్తది ఏమీ వద్దు. ఆఖరి ప్రాక్టీస్‌లో "ఇంకో చిన్న ఆలాపన పెడదామా అన్నా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈస్టర్‌కు పెడదాం అని చెప్పండి.

ఫోన్‌ను మీ ముందు కాదు, చివరి బెంచీ మీద పెట్టి రికార్డ్ చేయండి. క్వయిర్ ముందు నిలబడితే అసలు పాట మునిగిపోతున్న సంగతి మీకు తెలియదు. ఆ బెంచీ మీదే పాట తెలియని ఒక మనిషిని కూర్చోబెట్టి, వినబడిన మాటలు రాయమనండి. నాలుగు పాదాల్లో ఒక పాదం కూడా రాయలేకపోతే వాయిద్యం ఎక్కువైంది, లేదా అందరూ ఒకేచోట మాట విడవడం లేదు.

ఇంకో పరీక్ష ఉంది, నాకు అన్నిటికంటే నమ్మకమైనది. ప్రాక్టీస్ మధ్యలో చెప్పకుండా ఇద్దరిని బయటకు పంపి అదే పాట పాడించండి. పాట నిలబడితే ఆదివారానికి సిద్ధం. పడిపోతే ఆ ఇద్దరి భాగాన్ని ఇంకొకరికి కూడా నేర్పండి, లేదా ఆ భాగాన్నే తీసేయండి. తీసేయడానికి నేను అస్సలు ఆలోచించను.

తరచూ అడిగేవి రెండు

కరెంటు పోతే? శ్రుతి సంఖ్య కాగితం మీద ఉంటుంది, ఫోన్‌లో పియానో యాప్‌తో స ఇచ్చి మొదలుపెట్టండి. మూడో మెట్టులో వాయిద్యం లేకుండా పాడి చూశారు కాబట్టి భయం లేదు.

పాటను వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా? ఆరాధనలో పాడటానికి మన చట్టంలో మినహాయింపు ఉంది, ఆన్‌లైన్‌లో పెట్టడం వేరు. రాసినవారు, బాణీ కట్టినవారు చనిపోయి 60 ఏళ్లు దాటిన పాత కీర్తనలతో ఇబ్బంది ఉండదు. ఈ మధ్య వచ్చిన పాటలకు మాత్రం హక్కుదారుల అనుమతి అడిగి తీసుకోండి.

పాట అయ్యాక కాగితాన్ని పారేయకండి. వెనక తేదీ, శ్రుతి, ఆ రోజు ఎంతమంది వచ్చారు, రెండో గొంతు ఎవరు పాడారు, ఎక్కడ తడబడ్డారు అన్నవి రాసి ఒక ఫైల్‌లో పెట్టండి. వచ్చే డిసెంబరులో "పోయినసారి ఏ శ్రుతిలో పాడాం?" అని అందరూ మీ వైపే చూస్తారు.